కర్నూలు ఊర్లో కేసీ కాలువ: పడవల రేవు, లాకులు, అక్విడెక్టు గురించి తెలిసినవాళ్లు చెప్పండి

హంద్రీ_గట్టు
అందరికీ నమస్కారం. వినాయక ఘాట్ నుంచి హంద్రీ మీది అక్విడెక్టు (నది మీదుగా కాలువను దాటించే వంతెన) దాకా కేసీ (కర్నూలు-కడప) కాలువ గట్టు వెంబడి ఒక మ్యాపు గీస్తున్నాం, కాలేజీ ప్రాజెక్టు. ఇంగ్లండ్ ఊర్లలో పడవల కాలువలకు ఊరి నడుమ బేసిన్లు ఉంటాయని చదివినాం. మన కాలువను కూడా సాగుకూ పడవలకూ కలిపే తవ్వినారు కదా. అందుకని మూడు సంగతులు అడుగుతున్నా. బేసిన్ అంటే సరిగ్గా ఏంది? మన కాలువ మీద పడవల కట్టడాలను దేన్ని చూసి గుర్తు పట్టాల? పడవలు ఎందుకు ఆగిపోయినాయి? మ్యాపులో రాసేది కాబట్టి ఊహలు కాకుండా కొలతలతో చెప్తే మేలు.

పాత_కందనవోలు
మొదటిదానికి నేను చెప్తా. పడవల కాలువ సన్నగా ఉంటుంది, ఎదురెదురుగా రెండు పడవలు తప్పుకుంటే చాలు అన్నంత. సరుకు దించాలన్నా, పడవను వెనక్కి తిప్పాలన్నా, రాత్రికి కట్టేయాలన్నా ఆ సన్నటి దారిలో కుదరదు. అందుకని ఊరి దగ్గర కాలువను చెరువు మాదిరి వెడల్పు చేసి, చుట్టూ రాతిగోడ కట్టి, గోడ అంచునే గోదాములు పెట్టేవాళ్లు. అదే బేసిన్. అక్కడ నీళ్లు కదలకుండా ఒకే మట్టంలో నిలబడాల. ఈ షరతు గుర్తుపెట్టుకో బాబూ, మన కాలువ కథంతా దీని మీదే తిరుగుతుంది.

పేరున్న ఉదాహరణ బర్మింగ్‌హామ్ నగరంలోని గ్యాస్ స్ట్రీట్ బేసిన్. రెండు కంపెనీల కాలువలు అక్కడ ఎదురుపడినాయి. పాత కంపెనీ తన నీళ్లు కొత్త కాలువలోకి పోతాయన్న భయంతో నడుమ 7 అడుగుల మందాన అడ్డుగట్టు ఉంచేసింది. దాని పేరు వూస్టర్ బార్. గట్టుకు ఇవతలి పడవలోని బొగ్గు, ఇనుము కూలీలు మోసి అవతలి పడవలో వేయాల్సి వచ్చేది. 1815లో ఆ గట్టును కోసి లాకు (నీటి మట్టం మార్చి పడవను దాటించే తలుపుల తొట్టి) పెట్టినాకగానీ పడవలు దాటలేదు. అంటే అక్కడ నీళ్లే ఆస్తి. కొండ మీది రిజర్వాయరులో ఉన్న కాసిన్ని నీళ్లతోనే ఏడాది పొడుగునా పడవలు నడపాల.

మన సంగతి వేరు. 1858లో లండన్‌లో పుట్టిన మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ దీన్ని తవ్వింది. పెట్టుబడిలో 10 లక్షల పౌండ్ల వరకు 5 శాతం వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. వెనక ఉన్న ఆలోచన సర్ ఆర్థర్ కాటన్‌ది. తుంగభద్రను పెన్నాతో కలిపి, నెల్లూరు మీదుగా సముద్రందాకా పడవ దారి వేయాలని ఆయన పట్టు. 1863, 1870 నడుమ తుంగభద్ర మీది సుంకేసుల ఆనకట్ట నుంచి కడప దాకా 306 కి.మీ. తయారైంది. కడప నుంచి సముద్రానికి పోవాల్సిన ముక్క కట్టనే లేదు. 1882లో ప్రభుత్వం 3.02 కోట్ల రూపాయలకు కంపెనీ నుంచి కొనేసింది. 1933 నుంచి పూర్తిగా సాగునీటికే.

హంద్రీ_గట్టు
సార్, అంటే పడవలకు రెండు కొసలా పెద్ద రేవు లేదన్నమాట. కర్నూల్లో సరుకు ఎక్కించినా కడపలో దించుకోవాల్సిందే.

పాత_కందనవోలు
అదే. కడపకు అప్పటికే మద్రాసు రైలు వచ్చేసింది. ఆ లైను గుత్తి, గుంతకల్లు మీదుగా 1871లో రాయచూరు దగ్గర బొంబాయి వైపు లైనుతో కలిసింది. కాలువ పని ముగిసేటప్పటికే దాని సరుకును రైలు పట్టుకుపోయింది. పడవలు ఆగడానికి నా లెక్కలో మొదటి కారణం ఇదే.

గేజీరాయి
రైలు ఒక్కటే కారణం అంటే ఒప్పుకోను సార్. రైలు లేకపోయినా ఈ కాలువలో పడవ నిలదొక్కుకునేది కాదు. కాలువ లోపలే తిరకాసు ఉంది. లెక్కతో చెప్తా.

కర్నూలు నగరం సముద్రమట్టానికి 273 మీటర్ల ఎత్తులో ఉంది, కడప 138 మీటర్లు. తేడా 135 మీటర్లు. కాలువ అడుగుకు మైలుకు అర అడుగు చొప్పున, అంటే సుమారు 10,000కు 1 వాలు ఇచ్చినామనుకుందాం. 280 కి.మీ.లో ఆ వాలు తినేది 28 మీటర్లే. మిగిలిన 107 మీటర్లను మెట్లు మెట్లుగా దించాల. ఒక్కో మెట్టు 3 మీటర్లనుకుంటే 35కు పైగా మెట్లు. ప్రతి మెట్టు దగ్గర పడవకు ఒక లాకు, నీళ్లకు పక్కన ఒక వియర్ (నీళ్లు పైనుంచి పొంగి దిగే అడ్డుగోడ). రెండు కట్టడాల ఖర్చు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో నేల చదునుగా ఉంటుంది, లాకులు చాలా దూరం దూరంగా సరిపోతాయి. డెల్టా లెక్క తెచ్చి మెట్ట మీద వేస్తే ఖర్చు ఇట్లా పెరుగుతుంది.

లాకు పని చేసే తీరు కూడా రాసుకో, మ్యాపులో బొమ్మ వేస్తే బాగుంటుంది. రాతిగోడల మధ్య పొడుగాటి తొట్టి, రెండు కొసలా జోడు తలుపులు. మూసినప్పుడు రెండు రెక్కలూ ఎగువ వైపు ముక్కు పెట్టినట్టు కలుస్తాయి. ఎగువ నీటి బరువే వాటిని బిగించి పెడుతుంది. కింది నుంచి వచ్చిన పడవ తొట్టిలోకి దూరినాక కింది తలుపులు మూసి, పై తలుపుల్లోని చిన్న ఫలకలు ఎత్తుతారు. తొట్టి నిండి, లోపలి మట్టం ఎగువ మట్టంతో సమానమైతే తలుపులు చేత్తోనే తెరుచుకుంటాయి. సమానం కాకముందు ఎవరూ తెరవలేరు. ఒక పక్క 8 అడుగుల నీళ్లుంటే తలుపు మీద అడుగు వెడల్పుకు దాదాపు 900 కిలోల తోపుడు ఉంటుంది.

ఒకసారి లాకు నింపేదానికి ఎన్ని నీళ్లు? 120 అడుగుల పొడుగు, 20 అడుగుల వెడల్పు, 8 అడుగుల మెట్టు అనుకుంటే 19,200 ఘనపుటడుగులు. కాలువలో 1,000 క్యూసెక్కులు (సెకనుకు 1,000 ఘనపుటడుగులు) పారుతుంటే అది 19 సెకన్ల నీళ్లు. బర్మింగ్‌హామ్ వాళ్లు గొడవ పడిన సంగతి మనకు లెక్కలోకే రాదు. మన కష్టం వేరే చోట ఉంది.

హంద్రీ_గట్టు
ఏడ ఉంది సార్?

గేజీరాయి
పారుదల్లో. పడవకు కావాల్సింది నిలకడగా నిలిచిన లోతైన నీళ్లు. 3 అడుగులు మునిగే పడవకు కనీసం 4 అడుగులు, ఏడాది పొడుగునా. మడికి కావాల్సింది పారే నీళ్లు, అదీ పంట కాలంలోనే. ఒకే కాలువలో ఈ రెండూ పొసగవు.

నీళ్లు సెకనుకు 0.9 మీటర్ల వేగంతో వస్తున్నాయనుకో, అది గంటకు 3.2 కి.మీ. గట్టు మీద నడుస్తూ తాడుతో లాగే మనుషులు గానీ ఎద్దులు గానీ గంటకు 4 కి.మీ. పోతారు. ఎదురు లాగుతున్నప్పుడు నీటితో పోల్చితే పడవ 7.2 కి.మీ. వేగంతో పోతున్నట్టు. నీటి ఒరిపిడి వేగం వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది కాబట్టి నిలిచిన నీళ్లలో కంటే 3 రెట్లకు పైగా బలం కావాల. సరే, వేగం తగ్గిద్దామంటే తుంగభద్ర ఎర్రనీళ్లలోని ఒండ్రు అడుగుకు దిగిపోతుంది, కాలువ పూడుతుంది, పడవకు లోతు పోతుంది. ఎటు జరిపినా ఒకరికి నష్టం. ఎండాకాలం సుంకేసుల దగ్గర నదే సన్నబడితే కాలువ మూత. ఏడాదిలో కొన్ని నెలలు మూతపడే దారిని ఏ వ్యాపారి నమ్ముతాడు?

కుందూ_ఆయకట్టు
ఇద్దరూ పడవ వైపు నుంచే చూస్తున్నారన్నా. డబ్బు యాడ ఆగిందో చూడండి. కంపెనీ ఆశంతా నీటి తీరువ మీద. కానీ మా కుందూ లోయ నల్లరేగడి. జొన్న, పత్తి వానకే పండే నేల. అదునైన వాన రెండు పడితే చాలు, నేల లోపల తేమ పట్టి పెడుతుంది. అట్లాంటి చేలోకి కాలువ నీళ్లు పెడితే నీరు నిలిచి, నేల బిగిసి, జొన్న దెబ్బతింటుందని రైతులు మొదట్లో నీళ్లే వద్దన్నారు. అది మొండితనం కాదు. మురుగుకాలువలు లేకుండా రేగడిలో నిలిచిన నీరు తీయడం ఎంత కష్టమో ఆ చేలో దిగినోడికి తెలుసు. మురుగుకాలువ లేకుండా పారుదల పెడితే చౌడు తేలేది కూడా అక్కడే.

1876-78 ధాత కరువులో వానలు ఎగ్గొట్టినాక రైతులే కాలువకు వచ్చినారు, సాగు అమాంతం పెరిగింది. వానలు తిరిగి పడగానే మళ్లీ తగ్గింది. అంటే పడవలకు సరుకు లేదు, నీళ్లకు కొనేవాడు కరువులోనే. 1882లో కంపెనీ చేతులెత్తేసింది అందుకే.

ఇప్పుడు అదే నేలలో నంద్యాల సోనా మసూరి. వరి వచ్చినాక కాలువ చాలడం లేదనేది మా గొడవ. తలకిందులైంది.

పాత_కందనవోలు
కుందూ అన్న చెప్పింది సరైనది. దాన్ని నేను ముందు పెట్టి, రైలును తర్వాత పెడతా. అయితే ఒక మాట. సముద్రం దాకా దారి పూర్తయి ఉంటే పత్తి మూటలకు పడవ చౌక పడేది, అప్పుడు కాలువను ఏడాది పొడుగునా నింపి పెట్టేదానికి కంపెనీకి కారణం ఉండేది. సగంలో ఆగిన దారికి మాత్రం ఆ లాభం లేదు.

సున్నం_పని
రెండో ప్రశ్నకు నేను. రాతిపని చూసే కన్నుతో చెప్తా తమ్ముడూ. కాలువ వెడల్పుగా కనపడిన ప్రతి చోటూ రేవు కాదు. గట్టుకు మట్టి తీసిన గుంట కావచ్చు, కోత పడి ఉండొచ్చు. ఈ గుర్తులు చూడు.

లాకు ఉన్న చోట, తలుపు రెక్క తిరిగే మూలలో రాయిని నిలువునా అర్ధచంద్రంగా తొలిచిన గాడి ఉంటుంది. పైనుంచి కిందిదాకా నున్నగా, ఒకే గుండ్రం. ఇది వేరే ఏ కట్టడంలోనూ ఉండదు. దానికి ఆనుకునే తలుపు తెరిచినప్పుడు ఒదిగే లోతు గూడు. అడుగున రెక్కల కింది అంచు ఆనే రాతి గడప, ఎగువ వైపు కోణంగా ఉంటుంది. పూడిక తీసినప్పుడే కనపడుతుంది. ఈ మూడింట్లో రెండు దొరికితే లాకు అని ధైర్యంగా రాయొచ్చు. షట్టరు గాడి వేరు: అది నలుచదరం, ఎదురెదురు గోడల్లో సూటిగా ఉంటుంది. చాలామంది దీన్ని చూసి లాకు అనేస్తారు.

రేవు అయితే గోడ నిటారుగా ఉంటుంది. మామూలు గట్టు వాలుగా ఉంటుంది. పడవ ఆనాలంటే నిటారు గోడ తప్పదు. గోడ పైవరసలో పెద్ద రాళ్లు, వాటిలో ఇనుప కడియాలు గానీ కడియం ఊడిపోయినాక సీసం పోసిన గుంతలు గానీ ఉంటాయి. వంతెనల కింద, గట్టు వైపు మూలరాయిని చేత్తో తడిమి చూడు. ఏళ్ల తరబడి తాడు ఒరుసుకుంటే అడ్డంగా వేలు పట్టేంత గాట్లు పడతాయి, అంచులు నున్నగా ఉంటాయి. మేకు గీతలు, గడ్డపార దెబ్బలు గరుకుగా ఉంటాయి. తాడు గాట్లు కాలువ పొడుగునా అడ్డంగానే పోతాయి, కిందికి దిగవు.

ఘాట్ మెట్లు రేవు కాదని కూడా రాయండి. మెట్ల దగ్గర పడవ అడుగు తగులుతుంది. స్నానానికి, నిమజ్జనానికి కట్టినవి అవి.

హంద్రీ_గట్టు
సున్నం అన్నా, చాలా బాగా చెప్పినావు. షట్టరు గాడి తేడా మాకు తెలియదు. అక్విడెక్టు గోడల మీద రావి మొక్కలు మొలిచి ఉంటాయి కదా, పాత రాతిపనికి వాటితో ఎంత ప్రమాదం?

సున్నం_పని
చాలా. పీకొద్దు, అది మొదటి మాట. రావి, మర్రి వేరు సందులోకి పోయి లోపల లావెక్కుతుంది. పీకితే దాంతోపాటు రాయి కదులుతుంది. కాండాన్ని గోడకు ఆనించి కోసి, కోసిన వెంటనే, పాలు ఆరకముందే, కోత మీద కలుపుమందు పూయాల. మళ్లీ చిగురిస్తే మళ్లీ పూయాల. వేరు చచ్చి కుళ్లినాకే సందు శుభ్రం చేసి నింపడం.

నింపేటప్పుడు సిమెంటు వద్దు. పాత గోడ సున్నంతో కట్టింది. గోడలో చేరిన తేమ సున్నపు సందుల్లోంచి బయటకు ఊపిరి తీసుకుంటుంది. పైన సిమెంటు గీత బిగిస్తే తేమ రాయిలోంచి రావాల్సి వస్తుంది, రాయి అంచులు పెచ్చులుగా రాలతాయి. అయిదారేళ్లకు సిమెంటు మాత్రం గట్టిగా నిలిచి రాయి లోపలికి పోయి కనపడే గోడలు మన ఊర్లోనే చూడొచ్చు.

పద్ధతి ఇది. సందును 20 నుంచి 25 మిల్లీమీటర్ల లోతు గీకి, బ్రష్షుతో దుమ్ము తీసి, నీళ్లతో తడపాల. నీళ్లలో గట్టిపడే సున్నం ఒక పాలు, జల్లెడ పట్టిన ఇసుక రెండు పాళ్లు. కొంత ఇసుక బదులు సుర్కీ (ఇటుక పొడి) వేస్తే తడిలో బాగా పడుతుంది. ఒకేసారి నింపకుండా రెండు పొరలుగా కూరాల. తడి గోనె కప్పి కనీసం 10 రోజులు ఎండ తగలనీయకూడదు. మన ఏప్రిల్ ఎండలో ఇక్కడే పని చెడుతుంది: పొద్దున నింపింది మధ్యాహ్నానికి ఎండి పొడి అవుతుంది. కాలువ మూసేదేమో ఆ నెలల్లోనే. అందుకని సాయంత్రం నాలుగు తర్వాత నింపి, తెల్లారే గోనె తడపడం అలవాటు చేసుకోవాల.

గేజీరాయి
అక్విడెక్టు గురించి ఒక మాట కలుపుతా. హంద్రీ కింద, కాలువ మీద. తొట్టిలో ఒక మీటరు లోతు నీళ్లుంటే చదరపు మీటరుకు ఒక టన్ను బరువు. పడవ దాని మీదికి వస్తే బరువు పెరుగుతుందా అని పిల్లలు అడుగుతారు. పెరగదు. పడవ తన బరువుకు సరిపడా నీళ్లను పక్కకు తోసేస్తుంది, ఆ నీళ్లు కాలువలోకి సర్దుకుంటాయి. మీ మ్యాపులో బొమ్మ పక్కన ఇది పెట్టండి.

అసలు భయం కింది నుంచి. హంద్రీ కర్నూల్లోనే తుంగభద్రలో కలుస్తుంది. తుంగభద్ర పొంగితే హంద్రీ నీళ్లు బయటికి పోలేక వెనక్కి ఎగదన్నుతాయి. 2009 అక్టోబరు మొదట్లో ఊరు మునిగింది అట్లనే. అదే వరదలో సుంకేసుల బ్యారేజీ కూడా దెబ్బతింది. అక్విడెక్టు కమాను కింద చెత్త, చెట్లు అడ్డం పడితే దారి ఇరుకై ఎగువన మట్టం పెరుగుతుంది, స్తంభాల అడుగున మట్టి కోసుకుపోతుంది. వరద దిగినాక ముందు చూడాల్సింది పైన పగుళ్లు కాదు, స్తంభం మొదట్లో గుంత పడిందా లేదా అని.

మున్సిపల్_మ్యాప్
ఊరి ముక్క గురించి నేను రాస్తా. నగరం లోపల ఇప్పుడు కాలువకు మూడు బరువులు: సాగునీరు దాటిపోవాల, నిమజ్జనానికి వాడుకోవాల, మురుగు పడకూడదు. మూడోదాన్నే అందరూ వదిలేస్తారు.

మీ ప్రాజెక్టుకు పనికొచ్చే పని చెప్తా. గట్టు వెంబడి కాలువలోకి దిగే ప్రతి పైపుకూ, ప్రతి బోదెకూ నంబరు వేయండి. వాన లేని రోజు పొద్దున 6 నుంచి 8 లోపల కొలవండి, ఇళ్లలో నీళ్లు ఎక్కువ వాడే వేళ అది. 20 లీటర్ల బకెట్టు, ఫోనులో స్టాప్‌వాచ్. బకెట్టు 10 సెకన్లలో నిండితే సెకనుకు 2 లీటర్లు. ఆ లెక్కన రోజంతా పారితే 1,72,800 లీటర్లు. అయితే రాత్రి తగ్గుతుంది కాబట్టి మధ్యాహ్నం, రాత్రి కూడా కొలిచి సరాసరి తీయాల. పొద్దుటి ఒక్క కొలతతో రోజు లెక్క కడితే రెట్టింపు చూపించేస్తారు.

వాన నీటి బోదె, మురుగు పైపు తేడా పట్టుకునేది ఎట్లా? మూడు రోజులు వాన లేకున్నా పారుతుంటే అది మురుగే. నురుగు, బూడిద రంగు, అడుగున నల్లటి జిగురు ఉంటే అనుమానమే అక్కర్లేదు.

నీటిలో ఆక్సిజన్ కొలిచే కిట్టు దొరికితే ఊరికి ఎగువన ఒక చోట, దిగువన ఒక చోట తెల్లవారుజామున తీయండి. పగలు పాచి ఆక్సిజన్ వదులుతుంది కాబట్టి మధ్యాహ్నం అంకె అబద్ధం చెప్తుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కలో స్నానానికి లీటరుకు 5 మిల్లీగ్రాములు, చేపలు బతికేదానికి 4 ఉండాల. సీసాలో గాలి బుడగ చేరితే కొలత పాడు. సీసాను నీళ్లలోపలే నింపి, లోపలే మూత పెట్టాల.

నిమజ్జనం సంగతి: కాలువ నీళ్లు కావాల్సినంత లోతు రావాలంటే సుంకేసుల నుంచి ముందే వదలాల. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మ కరగదు, అడుగున పలకలు పలకలుగా పడి ఉంటుంది. మట్టి బొమ్మ విడిపోతుంది గానీ లోపలి కర్రల చట్రం, ఇనుప తీగ ఉండిపోతాయి. వాటిని వెంటనే తీసేయాల. ఆలస్యమైతే చట్రాలు కొట్టుకుపోయి కింది వంతెన దగ్గర, తూముల జాలీల దగ్గర ఇరుక్కుంటాయి. ఊర్లో మిగిలింది ఊరి దిగువ రైతు తూముకు అడ్డం పడుతుంది.

కుందూ_ఆయకట్టు
ఆ చివరి మాటకు దండం అన్నా. తూము జాలీకి గుడ్డలు, తీగలు చుట్టుకుంటే లస్కర్ (కాలువ చూసుకునే పనివాడు) దిగి తీసేదాకా కింది చేలకు నీళ్లు రావు.

హంద్రీ_గట్టు
సార్, సుంకేసుల నుంచి ఇప్పుడు ఎన్ని నీళ్లు రావాల? మ్యాపు మూలలో ఒక పట్టిక పెడదామని.

గేజీరాయి
కృష్ణా నీళ్లను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ కేసీ కాలువకు ఇచ్చింది 39.9 టీఎంసీలు (ఒక టీఎంసీ వంద కోట్ల ఘనపుటడుగులు). ఆయకట్టు 2,65,628 ఎకరాలు. 39.9 టీఎంసీలను 150 రోజులకు పంచితే రోజూ సుమారు 3,080 క్యూసెక్కులు. ఒక టీఎంసీ అంటే 11,574 క్యూసెక్కులు ఒక రోజు పారడం. ఈ అంకె పట్టుకుంటే ఏ వార్తనైనా మీరే లెక్క చూసుకోవచ్చు.

సుంకేసుల బ్యారేజీ నిల్వ 1.2 టీఎంసీలే. 2,000 క్యూసెక్కులు వదిలితే ఏడు రోజుల్లో అడుగంటుతుంది. అది జలాశయం కాదు, నదిని కాలువ మట్టానికి ఎత్తే అడ్డుకట్ట అంతే. పైనుంచి తుంగభద్ర డ్యాము వాటా 10 టీఎంసీలు సమయానికి రాకపోతే నిల్వ ఏమీ ఆదుకోదు. సుమారు 3 టీఎంసీల అలగనూరు బ్యాలెన్సింగ్ రిజర్వాయరు కట్టింది ఈ లోటు కోసమే. దాని కట్ట కుంగడంతో ఆ ఊతం పోయింది.

వదిలిన నీళ్లు వెంటనే కొసకు చేరవు. సెకనుకు 0.7 మీటర్ల వేగంతో 306 కి.మీ. పోవాలంటే 5 రోజులు. అందుకే కింది భాగానికి శ్రీశైలం నీళ్లు పోతిరెడ్డిపాడు, బనకచర్ల, నిప్పులవాగు మీదుగా కుందూలోకి ఇస్తారు. దారిలో సంతజూటూరు, రాజోలి ఆనకట్టలు, పెన్నా మీద ఆదినిమ్మాయపల్లె ఆనకట్ట వాటిని పట్టి కాలువలోకి మళ్లిస్తాయి. అంటే ఈ కాలువ కొంత దూరం నదినే కాలువగా వాడుకుంటుంది. పడవలకు ఇది ఇంకో కష్టం. వరద వచ్చిన కుందూలో పడవ ఎక్కడ నడుస్తుంది?

హంద్రీ_గట్టు
1996లో జపాన్ రుణంతో ఆధునికీకరణ మొదలైంది కదా సార్, అప్పటి లైనింగు (కాలువ లోపలి కాంక్రీటు పలకలు) చాలా చోట్ల ఎందుకు పగిలింది?

గేజీరాయి
ఏ ముక్క ఎందుకు పగిలిందో ఆ ముక్క తవ్వితేనే తేలుతుంది. రేగడిలో లైనింగు పగిలే మామూలు కారణాలు రెండు. ఒకటి, రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చీలుతుంది. దాని మీద నేరుగా కాంక్రీటు పలక వేస్తే కింది నుంచి ఎత్తేస్తుంది. మధ్యలో ఉబ్బని జిగురు మట్టి పొర వేయాల, మన దగ్గర ఎర్రమొరం బాగా పనికొస్తుంది. మందం 60 సెంటీమీటర్లకు తగ్గకూడదు, 15 నుంచి 20 సెంటీమీటర్ల పొరలుగా పరిచి ఒక్కోదాన్ని తడిపి రోలరుతో తొక్కించాల. పొర పలచన చేసినా, సరిగా తొక్కించకపోయినా పలక నడుమ పొడుగాటి చీలిక వస్తుంది.

రెండు, కాలువను ఒక్కసారిగా మూయడం. గట్టు లోపల నానిన నీళ్లు బయటికి రాలేక పలకను కాలువలోకి తోస్తాయి. గట్టు జారేది కూడా అప్పుడే, నీళ్లు నిండుగా ఉన్నప్పుడు కాదు. రేగడి గట్టు ఉన్న చోట రోజుకు అడుగుకు మించి మట్టం దించకూడదు. పలకల్లో నీరు బయటికి వచ్చే రంధ్రాలు పూడిక కింద మూసుకుపోయి ఉంటే రోజుకు అడుగు కూడా ఎక్కువే.

చీలిక పొడుగునా, కాలువకు సమాంతరంగా ఉంటే ఉబ్బు. పలక కింది అంచు ముందుకు తన్ని పైఅంచు వాలితే లోపలి నీటి తోపుడు. ఫొటో తీసేటప్పుడు పక్కన స్కేలు పెట్టి రెండింటికీ వేరే రంగు గుర్తు వేయండి.

సున్నం_పని
ఇంకొకటి, కాలువ మూసినాక రెండు మూడు వారాలు ఆగి దిగండి. పైన ఎండిన పెచ్చు కనపడుతుంది, కింద మోకాలి లోతు బురద. గాజు, ఇనుప తీగ ఉంటాయి. గమ్ బూట్లు, పొడుగాటి కర్ర తప్పదు. లాకు గడప కోసం వెతికేటప్పుడు పార వాడొద్దు, కర్రతో గుచ్చుతూ పోతే రాయి తగిలిన చప్పుడు తెలుస్తుంది. తగిలిన చోటల్లా గట్టు మీది నిలువు గాడికి ఎంత దూరమో టేపు పెట్టి రాసుకోండి. రెండు పక్కల దూరాలు సమానంగా వచ్చి, మధ్య రాయి కాస్త ఎగువకు ఉంటే అది గడపే.

మున్సిపల్_మ్యాప్
దిగేముందు నీటిపారుదల సెక్షన్ ఆఫీసులో రాతపూర్వకంగా చెప్పి, మూత తేదీ, మళ్లీ నీళ్లు వదిలే తేదీ రాయించుకోండి. తాగునీటి కోసం మధ్యలో వదిలే రోజులు ఉంటాయి. సుంకేసుల దగ్గర గేటు ఎత్తినాక కర్నూలు చేరేదానికి రోజు కూడా పట్టదు.